రాయదుర్గం పాత దస్తావేజు: నకలు బళ్లారిలో అడగాలా, అనంతపురంలోనా?

నమస్కారం. మాది అనంతపురం జిల్లా రాయదుర్గం దగ్గర పల్లె. మొన్న అటక మీది రేకుపెట్టెలో మా తాత కాలం నాటి, 1948లో రిజిస్టరైన భాగపంపకాల దస్తావేజు దొరికింది. మడతల దగ్గర చిరిగి, ఒక మూల చెదలు తినేశాయి గానీ ‘బళ్లారి జిల్లా, రాయదుర్గం తాలూకా’ అన్న మాట మాత్రం స్పష్టంగా ఉంది.

1953 అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు బళ్లారి మైసూరుకు పోయింది. ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు మనకు మిగిలాయి. మొదటి రెండూ కర్నూలులో, మాది అనంతపురంలో కలిపారు. (అసలు అనంతపురమే 1882 దాకా బళ్లారిలో ఉండేది, అది వేరే కథ.)

చిక్కేమిటంటే, ఈ దస్తావేజులోని సర్వే నంబరు ఇప్పటి అడంగల్‌లో (ఊరి భూముల, సాగు వివరాల రికార్డులో) కనబడటం లేదు. ఇక్కడి ఆఫీసులో నకలు అడిగితే బళ్లారికి పొమ్మన్నారు. అక్కడికి పోతే ‘మీది ఆంధ్ర కదా సార్’ అని తిప్పి పంపారు. ఒక రోజంతా బస్సుల్లోనే పోయింది.

1953కు ముందటి దస్తావేజుల నకళ్లు ఎక్కడ ఇస్తారు? పాత ఆర్‌ఎస్‌ఆర్ (సర్వే నంబర్లవారీగా భూముల వివరాలుండే రిజిస్టరు) చూస్తే కొత్త నంబరు తెలుస్తుందా? ఆలూరు, ఆదోని వైపు ఎవరైనా ఇలా తిరిగి ఉంటే కాస్త చెప్పండి.