బ్రేక్ అంటే ఆపడమా, తెంచుకోవడమా?

ప్రశ్న: డిగ్రీ పిల్లల కోసం పవర్‌షెల్ (మైక్రోసాఫ్ట్ వారి స్క్రిప్టింగ్ భాష) మీద తెలుగులో నోట్సు రాస్తున్నాను. 'బ్రేక్'కి 'ఆపు' అనీ, 'డైనమిక్ స్కోప్'కి 'గతిశీల పరిధి' అనీ పెట్టాను. "పరిధి కదులుతుందా సార్?" అని అడుగుతున్నారు. ఇంతకంటే మంచి మాటలు చెప్తారా?

జవాబు: ముందు 'ఆపు' సంగతి చూద్దామండీ. తెలుగు లిపిలో రాసేసరికి బండికి వేసే బ్రేకూ, ఈ బ్రేకూ ఒకటైపోయాయి. ఇంగ్లీషులో స్పెల్లింగు వేరు, అర్థం వేరు. బండి బ్రేకు వేస్తే ఉన్నచోటే ఆగుతుంది. ఇదేమో లూపును, అంటే ఒకే పనిని మళ్లీ మళ్లీ చేయించే కోడును, తెంచుకుని బయటపడటం. 'ఆపు' అంటే ఎక్కడిదాకా బయటపడతామన్న అనుమానమే రాదు. పవర్‌షెల్‌లో గొడవంతా అక్కడే.

పైథాన్‌లో లూప్ లేనిచోట బ్రేక్ రాస్తే, ప్రోగ్రాం మొదలవకముందే సింటాక్స్ ఎర్రర్ వస్తుంది. పవర్‌షెల్ ఏమీ అనదు. ఫంక్షన్‌లో (పేరుతో పిలిచి వాడుకునే కోడు ముక్కలో) లూప్ లేకపోతే ఆ ఫంక్షన్‌ని ఎవరు పిలిచారో చూస్తుంది, వాళ్లనెవరు పిలిచారో చూస్తుంది. ఆ వరుసలో లూపో, స్విచ్చో (విలువను బట్టి దారి ఎంచే కోడు) దొరికితే దాన్ని తెంచేస్తుంది. ఏదీ దొరక్కపోతే మొత్తం స్క్రిప్టే చప్పుడు లేకుండా ముగుస్తుంది. బ్రేక్ పక్కన లేబుల్ (లూపుకి పెట్టిన పేరు) రాసినా అంతే, ఆ పేరు కోసం పిలుపుల వరుసంతా గాలిస్తుంది.

ఫర్‌ఈచ్-ఆబ్జెక్ట్ చూడటానికి లూపులాగే ఉంటుంది గానీ అది కమాండే. దాని బ్లాకులో బ్రేక్ పెట్టి, రాత్రంతా నడవాల్సిన స్క్రిప్టును రెండో ఫైలు దగ్గరే చంపిన ఘనత నాది. పొద్దున చూస్తే ఎర్రరూ లేదు, రిపోర్టూ లేదు. ఆ ఒక్క ఫైలు వదిలి ముందుకు పోవాలంటే అక్కడ రాయాల్సింది రిటర్న్. దాన్ని తెలుగులో ఏమనాలో ఇవాళ అడక్కండి!

ఇక స్కోప్. లెక్సికల్ స్కోప్‌కి 'రాత పరిధి', మీరడిగిన డైనమిక్ స్కోప్‌కి 'పిలుపు పరిధి' అని చూడండి. పేరు అర్థం రాసిన చోటును బట్టి తేలితే మొదటిది, పిలిచిన చోటును బట్టి తేలితే రెండోది. పవర్‌షెల్ వేరియబుల్స్‌దీ పిలుపు పరిధే. పిలిచినవాళ్ల వేరియబుల్ లోపలి ఫంక్షన్‌కి కనిపిస్తుంది. కొత్త విలువ ఇస్తే మాత్రం లోపల సొంత కాపీ పుడుతుంది, బయటిది మారదు. పెర్ల్ అనే భాషలో రెండూ ఉన్నాయి: 'మై' అనే మాటతో పెట్టిన వేరియబుల్‌ది రాత పరిధి, 'లోకల్'తో పెట్టినదానిది పిలుపు పరిధి. లోకల్ అని పేరు పెట్టుకుని ఊరంతా తిరుగుతుంది అది.

ఇంకొకరు: పుట్టింటి పరిధి, మెట్టినింటి పరిధి అంటే పోలా?

జవాబు: గుర్తుంటుంది, నిజమే. కానీ ఒక ఫంక్షన్‌ని పది చోట్ల నుంచి పిలుస్తాం. పది మెట్టినిళ్లంటే క్లాసంతా నవ్వులే. పేరంటంతో పోల్చండి, ఎవరు పిలిస్తే వాళ్లింటి తాంబూలం.

ప్రశ్న వేసినవారు: 'పిలుపు పరిధి' తీసుకుంటున్నాను, 'తెంచు' కూడా. మరి కంటిన్యూకి 'కొనసాగించు' చాలా?

జవాబు: వద్దండీ, ఉన్న పనే కొనసాగిస్తున్నట్టు ఉంటుంది. అది చేసేది ఈ విడత వదిలేసి తర్వాతి విడతకు పోవడం. నేనైతే 'దాటు' అంటాను. అన్నట్టు, లూప్ కోసం పిలుపుల వరుసలో పైకి పాకే అలవాటు దానికీ ఉంది, నోట్సులో చెప్పడం మర్చిపోకండి.