బిల్డింగ్ కండెమ్ చేశారంటే అద్దె హక్కు కూడా పోయినట్టేనా?

వన్‌టౌన్ షాపు
విజయవాడ వన్‌టౌన్‌లో మా నాన్నగారి హయాం నుంచి అద్దెకున్న బట్టల షాపు మాది. శ్లాబు పెచ్చులూడి ఊచలు బయటపడ్డాయి. మొన్న కార్పొరేషన్ వాళ్లొచ్చి శిథిల భవనం, ఖాళీ చేయండని గోడకి నోటీసు అంటించారు. బిల్డింగ్ కండెమ్ అయింది, ఇక నీకేం హక్కు లేదంటున్నాడు ఓనరు. అమెరికాలో ఉన్న మా బావేమో కండెమ్ అంటే ప్రభుత్వం స్థలం తీసుకుని డబ్బులిస్తుంది, నష్టపరిహారం అడగమంటున్నాడు. ఎవరి మాట నమ్మాలో తెలియక ఒకటే టెన్షన్.

గుంటూరు అడ్వకేట్
మీ బావగారు చెప్పింది అక్కడి సంగతండీ. ప్రజావసరానికి ప్రైవేటు ఆస్తి తీసుకోవడాన్ని అమెరికాలో అలాగే అంటారు, న్యాయమైన పరిహారం ఇవ్వాలని వాళ్ల రాజ్యాంగం ఐదో సవరణలోనే ఉంది. మన దగ్గర అది 2013 భూసేకరణ చట్టం ప్రకారం జరగాలి, దాని నోటిఫికేషన్, విచారణ, అవార్డు (అంటే పరిహారం ఖరారు చేసే ఉత్తర్వు) అన్నీ వేరు. మీకు వచ్చింది కూలేలా ఉన్న కట్టడం వల్ల ప్రాణాలు పోకుండా ఇచ్చే నోటీసు. స్థలాన్ని ప్రభుత్వం తీసుకోవట్లేదు, అది ఓనరుకే ఉంటుంది కాబట్టి భూసేకరణ పరిహారం అనే మాటే రాదు. కానీ ఓనరు మాట మాత్రం అస్సలు ఒప్పుకోకండి. కట్టడం పోయినంత మాత్రాన అద్దె హక్కు పోదని 2014లో సుప్రీంకోర్టు ముగ్గురు జడ్జీల బెంచ్ తేల్చింది, అదీ మున్సిపాలిటీ కూల్చేసిన బిల్డింగ్ కేసులోనే. అగ్రిమెంటు, అద్దె రసీదులు, కరెంటు బిల్లులు జాగ్రత్త చేయండి. కూల్చకముందే షాపు కొలతలు తీయించి, ఫొటోలతో సహా ఓనరుకి లాయరు నోటీసు పంపండి.

రిటైర్డ్ మెకానిక్
నేను ప్రభుత్వ గ్యారేజీలో చేశాను, అక్కడ పాత బండ్లనీ కండెమ్ చేసేవాళ్లు. 2023 ఏప్రిల్ 1 నుంచి 15 ఏళ్లు దాటిన ప్రభుత్వ బండికి రిజిస్ట్రేషన్ ఉండదు, ఇంజిన్ ఎంత బాగున్నా తుక్కుకే. బిల్డింగ్‌కి అలా వయసు చూసి రాసేస్తే ఎలా? పిల్లర్లు, శ్లాబు పరీక్ష చేసిన ఇంజనీరు రిపోర్టు ఉందా, రిపేరుతో నిలబడుతుందా అని అడగండి. ఆ కాపీ తీసుకోండి బాబూ.

బ్రాడీపేట
రిపోర్టు సంగతి తర్వాత, ముందు సరుకు, మనుషులు బయటికి రావాలి. వానాకాలంలో ఊచలు తేలిన శ్లాబు కింద ఒక్క రోజు కూడా కూర్చోవద్దు.

వన్‌టౌన్ షాపు
సరుకు రేపే మా తమ్ముడి గోడౌన్‌కి మారుస్తున్నాం. రిపోర్టు కాపీకి కార్పొరేషన్‌లో అర్జీ పెడతాను. అడ్వకేట్ గారూ, నా అద్దె రసీదులు కొన్ని నాన్నగారి పేరు మీదే ఉన్నాయి, పర్వాలేదా?