‘రాజ్‌కుమార్’లో కనబడని గుర్తు: పిల్లల రాతల్లో ఇది తప్పా, మీటా?

ప్రశ్న

విదేశాల్లో వారాంతపు తెలుగు బడుల పిల్లల రాతలు సేకరించే పరిశోధన బృందానికి సూచనల పత్రం ఒకటి తయారవుతోంది. పిల్లలు ‘నా పేరు...’ అని మొదలుపెట్టి అయిదారు వాక్యాలు టైపు చేస్తారు. ఒకే పేరు మూడు రకాలుగా వస్తోంది: రాజ్కుమార్, రాజ్ కుమార్, రాజ్‌కుమార్. విభక్తి చేరితే మరీను: కిరణ్కి, కిరణ్ కి, కిరణ్‌కి. వీటిలో ఏది ఒప్పు? తప్పులు లెక్కపెట్టేటప్పుడు మిగతావి అక్షరదోషాల కిందికి వస్తాయా?

జవాబు

రావండీ. ముందు తెర మీద ఏం జరుగుతోందో చూడండి. తెలుగులో హల్లు కింద వొత్తు పడితే గుణింతపు గుర్తు పైనున్న హల్లుకే అంటుకుంటుంది. రాజ్కుమార్ అని కలిపి కొడితే కొమ్ము జకారానికి పోతుంది, కకారం దాని కింద వొత్తవుతుంది. అప్పుడప్పుడే చదవడం నేర్చుకుంటున్న పిల్లకు ముందు కనిపించేది ‘రాజు’. ‘కు’ అనే అక్షరం ఎంత వెతికినా దొరకదు. శ్రీనివాస్రావు అయితే మరీ అన్యాయం. చివర ‘స్రావు’ మిగులుతుంది. రక్తస్రావాన్ని గుర్తుచేసే పేరు ఎవరు పెట్టుకుంటారు?

చేత్తో రాస్తే ఈ గొడవ లేదు. జకారానికి పొల్లు పెట్టి, పక్కన ‘కు’ రాస్తాం. కంప్యూటర్లలో అక్షరాలకు కోడ్ అంకెలు కేటాయించే ప్రమాణం యూనికోడ్. యూనికోడ్‌లో పొల్లుకీ వొత్తుకీ ఉన్నది ఒకే కోడ్. పొల్లు వెంటనే మరో హల్లు వస్తే ఫాంటు దాన్ని వొత్తుగా మార్చేస్తుంది. అలా మార్చొద్దని చెప్పడానికి మధ్యలో కనబడని గుర్తు ఒకటి పెట్టాలి. దాని పేరు జీరో విడ్త్ నాన్‌జాయినర్. భారతీయ లిపుల కోసం చేసిన 1991 నాటి ఇస్కీ కోడ్ ప్రమాణంలో ఇదే పనికి పొల్లును వరుసగా రెండుసార్లు వాడేవారు.

కాబట్టి ‘రాజ్కుమార్’ అని టైపు చేసిన పిల్ల వర్ణక్రమం తప్పలేదు. జ్ తర్వాత కు రావాలని ఆమెకు తెలుసు. లోపమల్లా ఒక్క మీట. ఆ మీట ఆమె కీబోర్డులో ఉందో లేదో కూడా చూడకుండా తప్పు రాసేస్తే కొలిచింది పిల్లను కాదు, ఫోనును.

దీనికి చేర్పు

ఉచ్చారణలోనే కాదు, ఛందస్సులో కూడా తేడా రాదు. కిరణ్‌కి అన్నా కిరణ్కి అన్నా ‘ర’ గురువే. ఒకచోట పొల్లుతో కూడి గురువు, రెండోచోట సంయుక్తాక్షరానికి ముందుండి గురువు.

అసలు చిక్కు ఎక్కడ పుట్టిందంటే, తెలుగు మాటలు ఎక్కువగా అచ్చుతో ముగుస్తాయి. బయటి మాట వస్తే ఉకారం తగిలించి కారు, బస్సు, రోడ్డు చేసుకున్నాం. మనుషుల పేర్ల దగ్గరికి వచ్చేసరికి మాత్రం రాతలో ఆ పని చేయం. మాటల్లో ‘కిరణుకి’ వినిపించినా, కాగితం మీద అలా రాస్తే పేరుగల మనిషి ఊరుకోడు.

ఖాళీ వదిలి ‘కిరణ్ కి’ అని రాయడం చదువుకోవడానికి నయమే. కానీ వరుస చివర పడితే ‘కి’ ఒక్కటే కింది వరుసకు జారిపోతుంది. పదాలు లెక్కపెట్టే ప్రోగ్రాములకూ చిక్కే. ‘కిరణ్ కి పుస్తకం ఇచ్చాను’ నాలుగు పదాలు, ‘కిరణ్‌కి పుస్తకం ఇచ్చాను’ మూడు. వాక్యం నిడివిని బట్టి భాషాస్థాయి కొలిచే పద్ధతి వాడితే, ఖాళీ వదిలిన పిల్ల ఊరికే పై మెట్టు ఎక్కేస్తుంది.

డేటా పట్టికల సంగతి

రాజ్కుమార్‌లో 10 కోడ్‌లు, రాజ్‌కుమార్‌లో 11. కంప్యూటర్‌కు అవి వేర్వేరు మాటలు. ఒకదాన్ని వెతికితే రెండోది దొరక్కపోవచ్చు. యూనికోడ్ నార్మలైజేషన్ (ఒకే అక్షరానికున్న వేర్వేరు కోడ్ వరుసలను ఒకే రూపానికి తేవడం) చేశాం కదా అని నిశ్చింతగా ఉండకండి. అందులో మామూలుగా వాడే ఎన్ఎఫ్‌సీ ఈ గుర్తును ముట్టుకోదు.

పిల్ల పంపిన పాఠాన్ని ఒక గడిలో ఉన్నదున్నట్టు ఉంచి, దాని జోలికి ఎవరూ పోకుండా తాళం వేయండి. పక్క గడిలో వెతుకులాటకు మరో ప్రతి పెట్టుకోండి. ఎక్సెల్‌లో సబ్‌స్టిట్యూట్ ఫార్ములాలో యూనికార్ 8204 ఇచ్చి, దాని చోట ఖాళీ కొటేషన్లు పెడితే నాన్‌జాయినర్లు పోతాయి. రెండు గడుల నిడివి ‘లెన్’తో తీసి తీసివేస్తే ఎన్ని గుర్తులు ఉండేవో తెలుస్తుంది. ఫైలు దాచేటప్పుడు సీఎస్‌వీ యూటీఎఫ్-8 అన్నదే ఎంచుకోవాలి. మామూలు సీఎస్‌వీలో దాస్తే తెలుగు ప్రశ్నార్థకాలైపోతుంది. తర్వాత ఎంత ఏడ్చినా తిరిగి రాదు.

కీబోర్డు గడి లేకపోతే పట్టిక వృథా

ఒక పిల్ల ఇంగ్లిషు అక్షరాలతో పీ, ఈ, ఎల్, ఎల్, ఐ అని కొడుతుంది. సూచనల వరుసలో ‘పెళ్లి’ వస్తుంది, దాని మీద వేలు పెడుతుంది. ళకారం తెలిసింది ఎవరికి? భారతీయ భాషల ప్రామాణిక కీబోర్డు అమరిక అయిన ఇన్‌స్క్రిప్ట్‌లో ఆ సదుపాయం లేదు. లకారం మీటకే షిఫ్టు కలిపితే ళకారం, రకారం మీటకే షిఫ్టు కలిపితే బండి ఱ. ఎంచుకోవాల్సింది పిల్లే. అందుకని ప్రతి రాతకూ పరికరం, కీబోర్డు రకం, సూచనలు ఆన్‌లో ఉన్నాయా లేవా అనే మూడు గడులు తప్పనిసరి. ల-ళ, న-ణ, శ-ష-స తేడాలు పిల్లలకు తెలుసో లేదో చూడాలంటే మాత్రం తెర వద్దు. పది మాటలు చెప్పి కాగితం మీద రాయించండి.

పేర్ల దగ్గర ఇది ఇంకా ముదురుతుంది. మనవాళ్లు ఇంగ్లిషులో తకారానికి టీ, హెచ్ రాస్తారు. కచ్చితమైన లిప్యంతరీకరణ పద్ధతుల్లో ఆ జంట అంటే థకారం. పాస్‌పోర్టులో ఉన్న స్పెల్లింగునే కొట్టిన స్వాతికి ‘స్వథి’ ఎదురవుతుంది. తన పేరే తనకు రాదనుకుంటుంది పాపం.

పేరూ, పిల్ల గుర్తింపూ

భాషాభ్యాస పరిశోధకురాలు బోనీ నార్టన్ 1995లో, కెనడాకు వలస వెళ్లిన అయిదుగురు స్త్రీల ఇంగ్లిషు చదువును ఆధారం చేసుకుని, ‘ప్రేరణ’ అన్న భావన ఒక్కటే చాలదనీ ‘పెట్టుబడి’ (నేర్చుకునే మనిషి ఆ భాషలో తన శ్రమను ఎక్కడ పెడతాడు, ఎందుకు పెడతాడు) అన్న కోణంలోనూ చూడాలనీ వాదించారు. నేర్చుకునే మనిషికి ఆసక్తి బోలెడు ఉండొచ్చు, కానీ తనను తక్కువ చేసే చోట నోరు విప్పడు. మీ పత్రానికి దాన్ని వర్తింపజేస్తే, మొదటి వాక్యంలోనే పేరు విరిగిపోయిన పిల్ల తర్వాతి అయిదు వాక్యాలు పొట్టిగా రాసిందంటే, దాన్ని భాషాజ్ఞానం ఖాతాలో వేయడానికి ముందు ఒకసారి ఆగాలి. పని మొదలుపెట్టక ముందే పిల్లను అడిగి, ఆమె కోరినట్టు పేరు టైపు చేసి, కాపీ చేసుకునేలా ఇవ్వండి. పని తక్కువ, ఫలితం ఎక్కువ.

మళ్లీ అడిగినవారు

అంతా బాగుందండీ. కానీ ప్రచురించేటప్పుడు పిల్లల అసలు పేర్లు ఉంచకూడదు కదా. అన్నిటికీ ‘సీత’, ‘రవి’ అని మార్చేస్తే?

జవాబు

అలా చేస్తే పొల్లు సమస్య మొత్తం మాయమైపోతుంది. సీతకి, రవికి అన్నప్పుడు తేల్చాల్సిందేమీ ఉండదు. హల్లుతో ముగిసే పేరుకు హల్లుతో ముగిసే మారుపేరే పెట్టండి: కిరణ్ బదులు అరుణ్, రాజ్‌కుమార్ బదులు రామ్‌కుమార్. పిల్ల ‘కిరణ్కి’ అని కలిపేసి ఉంటే ‘అరుణ్కి’ అనే కలిపి వేయాలి, ఖాళీ వదిలి ఉంటే ఖాళీ ఉంచాలి. ఒకేసారి ఫైండ్-రీప్లేస్ కొట్టే ముందు మూడు రూపాలూ విడివిడిగా వెతకండి. విభక్తుల్లో కి ఒక్కటే కాదు, ను, తో చేరినవీ, గౌరవానికి గారు చేరినవీ కూడా చూసుకోండి.