భు.భు.కో. (భుజం-భుజం-కోణం) ఎందుకు చెల్లదు?

ప్రశ్న (తిరుపతి): మా పాప 9వ తరగతి. రెండు త్రిభుజాల్లో రెండేసి భుజాలు, ఒక్కో కోణం సమానమని చూపించి, అవి సర్వసమానమని (ఆకారం, సైజు రెండూ ఒకటేనని) చెప్పడానికి భు.కో.భు. (భుజం-కోణం-భుజం) నియమం రాసింది. తప్పన్నారు. మూడు కొలతలూ కలిశాయి కదా, ఇంకేం కావాలి?

జవాబు (చిత్తూరు): కోణం ఎక్కడుందో చూడండి మేడమ్. ఆ రెండు భుజాల మధ్య ఉంటేనే భు.కో.భు., లేకపోతే అది భు.భు.కో. అవుతుంది, చెల్లదు. పాపతో ఒకసారి గీయించండి, చెప్పేకన్నా త్వరగా అర్థమవుతుంది. 15 సెం.మీ. స్కేలు నిండా అడ్డగీత గీసి, ఎడమ కొసన బి అని పెట్టండి. అక్కడ 30° కోణం వేసి, ఏటవాలు గీత మీద 8 సెం.మీ. దూరంలో ఎ గుర్తించండి. కంపాసు 5 సెం.మీ. తెరిచి, ఎ దగ్గర ముల్లు పెట్టి చాపం తిప్పితే అడ్డగీతను రెండు చోట్ల ఖండిస్తుంది: బి నుంచి సుమారు 3.9 దగ్గర, 9.9 దగ్గర. అవే కొలతలు, రెండు వేర్వేరు త్రిభుజాలు!

మరొకరు: అయితే లం.క.భు. (లంబకోణం-కర్ణం-భుజం) ఎలా ఒప్పుకుంటారు సార్? అందులోనూ లంబకోణం కర్ణానికీ భుజానికీ మధ్యలో లేదే.

జవాబు: మంచి ప్రశ్న. బి దగ్గర 90° వేసి, అడ్డగీతను ఎడమకూ పొడిగించి, కంపాసు 8 కన్నా ఎక్కువ తెరిస్తే చాపం ఖండించే బిందువులు బికి చెరోవైపు, సమాన దూరంలో పడతాయి. ఒకటి రెండోదానికి అద్దంలో బొమ్మ, అంటే సర్వసమానమే. అందుకే ఆ ఒక్కదానికి మినహాయింపు.

ఇంకొకరు: కో.కో.భు. (కోణం-కోణం-భుజం) కూడా చెల్లుతుంది, మూడో కోణం 180° లోంచి తీసివేస్తే వచ్చేస్తుంది కాబట్టి. అయితే భుజం రెండింట్లోనూ ఒకే కోణానికి ఎదురుగా ఉండాలి. 8, 12, 18 భుజాలతో ఒకటి, 12, 18, 27తో ఒకటి గీసి చూడండి. మూడు కోణాలూ సమానం, 12, 18 రెండింట్లోనూ ఉన్నాయి. మూడు కోణాలు, మూడు భుజాలు, ఈ ఆరింటిలో అయిదు కలిసినా సర్వసమానం కాదు, సరూపాలు (ఆకారం ఒకటే, సైజు వేరు) మాత్రమే. పిల్లలు బోల్తా పడేది ఇక్కడే.

ప్రశ్న అడిగినవారు: గీయించాను సార్, రెండు చోట్లా వచ్చింది. కంపాసు 5 కాకుండా వేరే కొలత పెడితే?

జవాబు: 3 పెడితే చాపం గీతకు అందదు. 4 పెడితే ఒక్కచోట తాకుతుంది, అక్కడ లంబకోణం. 8 పెడితే ఒక ఖండన బి మీదే పడిపోతుంది, మిగిలేది ఒక్క త్రిభుజమే. తంటా అంతా 4కూ 8కీ మధ్యనే మేడమ్.