అప్‌డేట్: టెక్స్ట్ ఫైల్ నుంచి టేబుల్‌లోకి ఒక్క రో కూడా ఎక్కని సమస్య తీరింది

పోయిన వారం అడిగాను కదా, ఎస్‌క్యూఎల్ సర్వర్ అనే డేటాబేస్‌లో బల్క్ ఇన్సర్ట్ (ఫైల్‌లోని డేటాని ఒకేసారి టేబుల్‌లోకి ఎక్కించే కమాండ్) ఉన్న స్టోర్డ్ ప్రొసీజర్ (డేటాబేస్‌లోనే దాచుకున్న ప్రోగ్రామ్) రన్ చేస్తే ఎర్రర్ ఏమీ రాదు, టేబుల్ మాత్రం ఖాళీగానే ఉంటోందని. ఇవాళ తేలింది. సాయం చేసినవాళ్లందరికీ థాంక్స్, ముఖ్యంగా ఫైల్‌ని నోట్‌ప్యాడ్ ప్లస్‌ప్లస్ అనే టెక్స్ట్ ఎడిటర్‌లో తెరిచి లైన్ చివర ఏముందో చూడమన్నవారికి.

చూస్తే ప్రతి లైన్ చివరా ఎల్ఎఫ్ (లైన్ ఫీడ్) ఒక్కటే ఉంది, సీఆర్ (క్యారేజ్ రిటర్న్) లేదు; రెండూ లైన్ ముగిసిందని చెప్పే, కంటికి కనబడని అక్షరాలు. విండోస్ ఫైళ్లలో రెండూ ఉంటాయి, లినక్స్‌లో ఎల్ఎఫ్ ఒక్కటే. ఫైల్ లినక్స్ నుంచి వస్తోంది మరి. రో టెర్మినేటర్‌గా, అంటే ఒక రో ఎక్కడ ముగుస్తుందో చెప్పే గుర్తుగా, బ్యాక్‌స్లాష్ ఎన్ (\n) ఇస్తే బల్క్ ఇన్సర్ట్ సీఆర్, ఎల్ఎఫ్ రెండూ పక్కపక్కన ఉన్నాయేమో అని వెతుకుతుంది, అవి దొరక్క ఫైల్ మొత్తాన్నీ ఒకే రో అనుకుంది, పైగా హెడర్ (కాలమ్ పేర్లున్న మొదటి లైన్) వదిలేయడానికి నేను ఫస్ట్‌రో 2, అంటే రెండో రో నుంచి ఎక్కించు, అని పెట్టాను కాబట్టి ఎక్కించడానికి ఇంకేమీ మిగల్లేదు. టెర్మినేటర్‌ని హెక్స్‌లో, అంటే ఎల్ఎఫ్ కోడ్ అయిన సున్నా ఎక్స్ సున్నా ఏ (0x0a) అని మార్చగానే అన్నీ ఎక్కేశాయి.

ముందు ఫోల్డర్ పర్మిషన్ల వల్లేమో అనుకుని రెండు రోజులు పోగొట్టుకున్నాను, వాటికీ దీనికీ సంబంధమే లేదు. ఆ తర్వాత తెలుగు పేర్లు ప్రశ్నార్థకాలుగా పడ్డాయి; కాలమ్‌ని ఎన్‌వార్‌చార్ (యూనికోడ్ అక్షరాలు పట్టే రకం) చేసి, కోడ్‌పేజ్ 65001, అంటే ఫైల్ యూటీఎఫ్-8లో ఉందని చెప్పే నంబర్, ఇచ్చాక సరిగ్గా వచ్చాయి. ఎస్‌క్యూఎల్ సర్వర్ 2016 కంటే పాత వెర్షన్లలో (2014 సర్వీస్ ప్యాక్ 2 తప్ప) ఈ కోడ్‌పేజ్ పనిచేయదు, చూసుకోండి.