బహ్రెయిన్‌ల ఒక్క దినం, అమ్మకు ఏం చూపియ్యాలె?

దేవరకొండ పోరడు: అన్నలూ, అమ్మను తోల్కొని సౌదీల దమ్మామ్‌ల ఉన్న అక్క దగ్గరికి పోతున్నం, నడుమ బహ్రెయిన్‌ల ఒక్క దినం దొరుకుతది. అమ్మకు మోకాళ్ల నొప్పులు, ఎక్కువ నడ్వదు. ఏమేం చూపియ్యాలె?

పాలమూరు_మనామా: తమ్మీ, పొద్దుగాల ఫతే మసీదుకు పోండ్రి, లోపల చల్లగుంటది, ఆడోళ్లకు అబాయా (పైన ఏస్కునే పొడుగు గౌను) ఆడ్నే ఇస్తరు, శుక్రారం మాత్రం టూరిస్టులను రానియ్యరు. ఆడికెళ్లి బాబ్ అల్ బహ్రెయిన్ అనే పెద్ద దర్వాజ, దాని ఎన్కనే సూక్, అంటే బజార్, కుంకుంపువ్వు, ఎండు నిమ్మకాయలు కుప్పలు పోసి ఉంటయి, ఆ వాసనకే అమ్మ నిలవడ్తది. ఆ గల్లీలల్లనే శ్రీనాథ్‌జీ గుడి ఉన్నది, దగ్గర దగ్గర 200 ఏండ్లది, సింధు దిక్కుకెళ్లి వచ్చిన వ్యాపారులు కట్టిన్రు, అది అస్సలు ఇడ్వకు.

మిర్యాలగూడ అక్క: ట్రీ ఆఫ్ లైఫ్ చూపియ్యి తమ్మీ! చుట్టూ ఇసుక, నడుమ ఒక్కటే చెట్టు, 400 ఏండ్లదంటరు. అది జమ్మి చెట్టే, మనం దసరకు మొక్కే జమ్మి! అమ్మ చేతులు జోడిస్తది చూడు. కారు దగ్గరిదాంక పోతది, నడిచే బాధ లేదు. మధ్యాహ్నం ఎండల మాత్రం వద్దు.

పాలమూరు_మనామా: అక్క చెప్పింది నిజమే, కని అది ఊరికి దూరం, టాక్సీ రానువోను ముందే మాట్లాడుకో. టైమ్ మిగిల్తే పొద్దుమీకంగ ఖలాత్ అల్ బహ్రెయిన్ కోట, 2005ల యునెస్కో ప్రపంచ వారసత్వ లిస్టుల ఎక్కింది, సముద్రం పక్కనే, అమ్మను కింద కూసోవెట్టి నువ్వు పైకెక్కు.