మనీలా కోట 1762లో చేజారడానికి కారణం గోడలా, గవర్నరా?

కోనసీమ చదువరి:
ఫిలిప్పీన్స్‌లోని మనీలాలో పాసిగ్ నది సముద్రంలో కలిసే చోట ఉన్న సాంటియాగో కోట గురించి ఎక్కడ చదివినా ఒకే తీర్పు కనిపిస్తుంది: 1762 అక్టోబరులో తాత్కాలిక గవర్నరుగా ఉన్న ఆర్చిబిషప్ రోహో చేతకానితనం వల్లనే స్పెయిన్ దానిని బ్రిటిష్ వారికి పోగొట్టుకుందని. ఈ తీర్పుతో నేను ఏకీభవించలేను. 1571లో స్పానిష్ సేనాని లెగాస్పి మనుషులు మనీలాను పట్టుకున్న నాటికి నది ఒడ్డున ఉన్నది రాజా సులేమాన్ దుంగల కోట. దాని స్థానంలో రాతికట్టడం 1590ల తొలినాళ్లలో గవర్నరు దాస్మరీన్యాస్ కాలంలో లేచింది. అది ప్రాకార నగరానికి వాయవ్య మూల. నదిలోకి వచ్చే ఓడలను ఆపడమే దాని పని.

బ్రిటిష్ దండు నది ముఖానికి రానేలేదు. సెప్టెంబరు 24న నగరానికి దక్షిణాన, మలాతే దగ్గర ఒడ్డుకు దిగింది. అక్కడి రాతి చర్చీల చాటున నిలదొక్కుకుని, నైరుతి బురుజును ఫిరంగులతో కొట్టి గండి చేసి, అక్టోబరు 6న నగరంలోకి చొరబడింది. సాంటియాగో కోట గోడకు పరీక్షే ఎదురుకాలేదు. అలాంటప్పుడు ఒక మతాచార్యుడి ధైర్యాన్ని కొలిచి ఏం ప్రయోజనం?

బురుజు నీడ:
మీరు చెప్పిన భూగోళం సరైనదే గాని, దాని నుంచి మీరు తీసిన ఫలితం సరైనది కాదు. నగర ప్రాకారానికి అంత దగ్గరలో శత్రువుకు చాటిచ్చే రాతి చర్చీలను నిలబెట్టి ఉంచినది ఎవరు? దక్షిణ ముఖం బలహీనమన్నది యుద్ధం వచ్చాక తెలిసిన రహస్యం కాదు. ఒక్క న్యాయం మాత్రం చెప్పాలి: బ్రిటన్ 1762 జనవరిలోనే యుద్ధం ప్రకటించినా ఆ కబురు అధికారికంగా మనీలాకు చేరలేదు, కాబట్టి ఓడలు కనిపించే దాకా ఆదమరచి ఉన్నందుకు రోహోను మరీ తప్పుపట్టలేము.

నేను తప్పుపట్టేది ఆ తరువాతి నడతను. ఓడిన నగరాన్ని అప్పగించడం ఒక మాట. ద్వీపసమూహం మొత్తాన్ని కాగితం మీద రాసివ్వడం, నగరాన్ని దోపిడీ నుంచి కాపాడే పేరుతో నలభై లక్షల డాలర్లకు ఒప్పుకోవడం మరో మాట. అదే సమయంలో న్యాయాధికారి సిమోన్ దే అందా నగరం చేజారక ముందే బయటపడి, పంపంగా ప్రాంతంలోని బాకొలోర్ కేంద్రంగా ప్రతిఘటన నడిపాడు. బ్రిటిష్ పాలన మనీలా, కవీతె, వాటి చుట్టుపక్కల దాటి గట్టిగా నాటుకోలేదు. యాభై దాటిన ఒక న్యాయాధికారి చేయగలిగిన పని గవర్నరుకు ఎందుకు సాధ్యం కాలేదు?

పాత మదరాసు:
ఇద్దరూ ‘బ్రిటిష్ దండు’ అని రాస్తున్నారు గనుక ఒక సవరణ. ఆ నౌకలు బయలుదేరింది మదరాసు నుంచి. జనరల్ డ్రేపర్, అడ్మిరల్ కార్నిష్ నాయకత్వంలో నడిచిన ఆ దండులో ఇంగ్లండు సైనికులతో పాటు కంపెనీ మదరాసు సిపాయిలూ, ఫ్రెంచి సైన్యం నుంచి పారిపోయి వచ్చినవారూ ఉన్నారు. పట్టుబడిన మనీలాను మదరాసు కౌన్సిలు తరఫున డాసన్ డ్రేక్ పాలించాడు. మనీలా తూర్పున ఉన్న కాయింతలో తాము ఆ సిపాయిల సంతతి అని చెప్పుకునే కుటుంబాలు నేటికీ ఉన్నాయి. వారి పూర్వికులందరినీ తమిళులుగానో తెలుగువారిగానో తేల్చిపారేయడం తొందరపాటు. ‘మదరాసు సిపాయి’ అన్న మాట కొలువు ఎక్కడిదో చెబుతుంది గాని, భాషను చెప్పదు.

చర్చకు దీనితో సంబంధం ఏమిటంటే, దాడి ఇక్కడి నుంచి సముద్రం దాటి వచ్చింది గనుక నౌకాదళం లేని మనీలాకు దానిని దారిలో అడ్డగించే మార్గమే లేదు. గోడలా, గవర్నరా అన్న ప్రశ్నలో ఓడలు ఎక్కడా కనిపించకపోవడం నాకు వింతగా ఉంది.

కోనసీమ చదువరి:
పాత మదరాసు గారి మాట నా వాదానికి బలమే. బురుజు నీడ గారూ, ఒప్పంద పత్రం విషయంలో మీరు చెప్పింది నేను కాదనను. ద్వీపాలన్నిటినీ రాసివ్వడాన్ని సమర్థించే దారి నాకు తోచలేదు. అయితే అందాతో పోలిక చెల్లదు. అందా చేతిలో కాపాడవలసిన గోడ లేదు, పల్లెలూ అడవులూ ఉన్నాయి. పైగా మెక్సికో వెండిని తెచ్చిన ‘ఫిలిపినో’ ఓడ బ్రిటిష్ వారికి చిక్కకుండా తప్పించుకోవడంతో ఆ సొమ్ము అతనికి అందింది. రోహో చేతిలో మిగిలింది ప్రాకారంలో ఒక మూల. మిగతా ప్రాకారం మీద శత్రువు నిలిచాక ఆ మూలలో కూర్చుని ఎన్నాళ్లు పోరాడగలడు?

ఇంకొకటి. ఈ కోట చివరకు స్పెయిన్‌కు తిరిగి దక్కింది అందా పోరాటం వల్ల కూడా కాదు. 1763 ఫిబ్రవరి 10న పారిస్‌లో సంధి మీద సంతకాలు చేసినవారికి మనీలా పడిపోయిన సంగతే తెలియదు. ఒప్పందంలో పేరు లేని ఆక్రమిత ప్రాంతాలన్నీ తిరిగి ఇవ్వాలన్న నిబంధన కింద అది కూడా చేరింది.

బురుజు నీడ:
ఆ నిబంధన కోటను ఇప్పించింది, నిజమే. అయితే 1764లో బ్రిటిష్ వారు వెళ్లిపోతున్నప్పుడు మనీలాను అప్పగించుకోవడానికి అక్కడొక స్పానిష్ ప్రభుత్వం నిలిచి ఉన్నదంటే అది అందా వల్లనే. రోహో అప్పటికి బతికి లేడు. ఆ ఏడాది జనవరిలోనే కన్నుమూశాడు. నలభై లక్షల్లో సగానికి స్పెయిన్ ఖజానా మీద అతను రాసిచ్చిన పత్రాలను మాడ్రిడ్ చివరి దాకా చెల్లించలేదు. అతని సంతకం విలువను వాళ్ల రాజే అంత తక్కువగా లెక్కకట్టినప్పుడు, దానిని పట్టుకుని నేను ఇంకా గట్టిగా వాదించడం అనవసరమేమో.